‘అరుదు’ అనగా ఎంత?
ప్రసవానంతర రక్తస్రావ చికిత్సల నివేదికలపై విమర్శ

వైద్యపత్రికలలో ‘అరుదు’ అను మాట తరచుగా కనబడును. ఒక శస్త్రచికిత్స వలన కలిగిన కీడును వర్ణించు వ్యాసము ఏది తీసికొన్నను మొదటి పేరాలోనే ‘ఇది మిక్కిలి అరుదైన ఉపద్రవము’ అని ఉండును. అరుదు అనగా నూటికి ఒకటియా, వేయికి ఒకటియా, లక్షకు ఒకటియా అని అడిగినచో మాత్రము సమాధానము దొరకదు. గణితపు పరీక్షలో ఇట్టి జవాబు వ్రాసిన విద్యార్థికి మార్కులు రావు. ప్రసవము తరువాత కలుగు తీవ్ర రక్తస్రావమును ఆపుటకు గత నలుబది యేండ్లలో వాడుకలోనికి వచ్చిన పద్ధతులను, వాని వలన కలిగిన కీడులను గూర్చి వెలువడిన నివేదికలను పరిశీలించినచో ఈ లోపము ఎంత లోతుగా పాతుకొని ఉన్నదో తెలియును.

విషయము చిన్నది కాదు. ఈ రక్తస్రావము వలన ఏటేట సుమారు 70 వేల మంది తల్లులు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నిండు నెలల గర్భాశయము గుండా నిమిషమునకు 500 మొదలు 700 మిల్లీలీటర్ల రక్తము ప్రవహించును. తల్లి శరీరములోని మొత్తము రక్తము ఐదారు లీటర్లే. బిడ్డ పుట్టి, మావి గోడనుండి ఊడిపోయిన క్షణమున ఆ గోడలోని రక్తనాళముల నోళ్ళు తెరచుకొని ఉండును. వానిని మూయునది ప్రధానముగా రక్తపు గడ్డ కాదు, గర్భాశయపు కండరమే. ఆ కండరపు పోగులు నాళముల చుట్టు అల్లుకొని ఉండి, కుంచించుకొనినప్పుడు సంచి మూతికి త్రాడు బిగించినట్లు నాళములను బిగించును. కండరము సడలి ఉన్నచో త్రాడు బిగియదు, రక్తము ఆగదు.

అప్పుడు మొదట చేయవలసినవి అందరికిని తెలిసినవే: గర్భాశయమును పైనుండి మర్దించుట, కండరమును బిగించు ఆక్సిటోసిన్ వంటి మందులిచ్చుట, రక్తపు గడ్డ కరగిపోకుండ కాపాడు ట్రానెక్సామిక్ ఆమ్లము నెక్కించుట. ఎక్కువమందికి వీనితోనే రక్తము ఆగును. ఆగనప్పుడు పూర్వము మిగిలిన మార్గము గర్భసంచిని తీసివేయుట. ప్రాణము దక్కును గాని ఆమెకు మరల బిడ్డ కలుగదు. ఇరువది యేండ్ల యువతికి, ముఖ్యముగా పుట్టిన బిడ్డ బ్రతకనప్పుడు, ఇది ఎంతటి నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేతనే గర్భాశయమును నిలిపి రక్తమును ఆపు ఉపాయములకై వైద్యులు వెదకిరి.

అట్టి ఉపాయములు ముఖ్యముగా నాలుగు. కటి ప్రాంతమునకు రక్తము తెచ్చు ధమనులను దారముతో ముడివేయుట వానిలో పాతది. ఇట్లు ముడివేసినపుడు ఆవలి భాగమున నాడీపీడనము 85 శాతము తగ్గునని, రక్తప్రవాహము మాత్రము సుమారు సగమే తగ్గునని 1960 దశకములో బర్చెల్ అను వైద్యుడు కొలిచి చూపెను. నాడి కొట్టుకొను వేగము పోయి రక్తము సిరలలో వలె మందముగా పారును. పక్కదారుల గుండా వచ్చు ఆ రక్తముతో కణజాలము బ్రతుకును. ఈ రంగములో ఇంత స్పష్టమైన కొలతలు తక్కువ. రెండవది, 1979లో మొదట ప్రకటితమైనది: ఎక్స్-రే సహాయమున తొడ మొదటనున్న ధమనిలోనుండి సన్నని గొట్టమును గర్భాశయ ధమని వరకు పంపి, జెలటిన్ స్పాంజి ముక్కలతో ఆ నాళమునకు అడ్డు వేయుట. మూడవది, గర్భాశయము లోపల బుడగను ఉంచి, నీటితో నింపి, లోపలినుండి ఒత్తిడి కలిగించుట. నాల్గవది కుట్టు.

ఈ కుట్టు కథ విమర్శకు మిక్కిలి అనువైనది. 1997లో ఇంగ్లండులో క్రిస్టఫర్ బి-లించ్, అతని సహచరులు ఒక వ్యాసము ప్రకటించిరి. పంట్లాము జారకుండ భుజములమీదుగా వేసికొను పట్టీలవలె, గర్భాశయము ముందుభాగమునుండి పైకి, పైనుండి వెనుకకు, మరల వెనుకనుండి ముందుకు పొడవైన దారము వేసి బిగించుట ఈ పద్ధతి. ముందుగా రెండు చేతులతో గర్భాశయమును నొక్కి చూచి, అట్లు నొక్కినపుడు రక్తము ఆగినచో మాత్రమే కుట్టు వేయవలెనని నియమము. వ్యాసములోని రోగులు ఐదుగురు. అయిదుగురికిని రక్తము ఆగినది. ఆ వ్యాసపు శీర్షికలో ఇది గర్భసంచి తీసివేతకు ప్రత్యామ్నాయమా అని ఒక ప్రశ్నార్థకము ఉన్నది. రోగుల సంఖ్య అయిదు అనియు శీర్షికలోనే చెప్పబడినది. రచయితల నిజాయితీ మెచ్చదగినది. తరువాత ఆ పద్ధతి దేశదేశములకు వ్యాపించినపుడు ఆ ప్రశ్నార్థకము మాత్రము వెంట రాలేదు.

ఐదింట ఐదు అనగా నూటికి నూరు కాదా అని విద్యార్థి అడుగవచ్చును. కాదు. ఒక సంచినిండ చింతగింజలున్నవి. నూటికి 45 గింజలకు సున్నము పూసి ఉన్నదనుకొందము. చూడకుండ ఒక గింజ తీసి, మరల సంచిలో వేసి, ఇట్లు ఐదుసార్లు తీసినచో అయిదుసార్లును సున్నము లేని గింజయే వచ్చుటకు ఎంత అవకాశము? 0.55ను ఐదుసార్లు వేసి గుణించగా 0.05 వచ్చును, అనగా ఇరువదింట ఒకసారి. కాబట్టి అయిదుగురిలో అయిదుగురు బాగుపడినంత మాత్రమున, ఆ పద్ధతి నూటికి 45 మందిలో విఫలము కాగల అవకాశమును పూర్తిగా త్రోసివేయలేము. పద్ధతి చెడ్డదని దీని అర్థము కాదు. ఐదు అను సంఖ్య చెప్పగలిగినది అంతే.

విజయముల మాట ఇట్లుండగా కీడుల మాట మరింత చిక్కైనది. 2004లో ఈ కుట్టు తరువాత గర్భాశయములో కొంతభాగము రక్తము అందక మృతిచెందిన ఒక ఉదంతము బ్రిటిష్ పత్రికలో వచ్చినది. 2006లో అదే పత్రికలో మరియొకటి వచ్చినది. గర్భాశయపు ముందు, వెనుక గోడలను కలిపి చతురస్రముగా కుట్టు మరియొక పద్ధతి 2000లో ప్రకటితమైనది. దానివలన లోపలి రక్తము బయటికి పోవు దారి మూసికొని చీము పట్టిన ఉదంతము 2002లో వెలువడినది. ధమనిలో అడ్డు వేసిన తరువాత గర్భాశయము మృతిచెందిన ఉదంతమును అదే యేట ఒక అమెరికను పత్రిక ప్రకటించినది. ధమనులను ముడివేయునపుడు పక్కనున్న సిర తెగుట, మూత్రనాళమునకు గాయమగుట, పొరపాటున కాలికి రక్తము పంపు ధమనినే ముడివేయుట గ్రంథములలో హెచ్చరికలుగా కనబడును.

ఇవి ఏల కలుగునో ఊహించుట కష్టము కాదు. వ్రేలికి దారము గట్టిగా చుట్టి ఆడుకొను పిల్లవాని వ్రేలు నీలమగుట అందరు చూచినదే. రక్తమును ఆపు బిగింపునకు, కణజాలమును చంపు బిగింపునకు మధ్య గీటు సన్ననిది. శస్త్రవైద్యుని చేతికి ఆ గీటును కొలుచు పరికరము లేదు. ధమనిలో వేయు రేణువులు మరీ చిన్నవైనచో పెద్ద నాళమును మూయక, దాటిపోయి, పక్కదారులు కలియు సన్నని నాళముల వరకు చేరి వానిని మూయును. పక్కదారియే మూసికొనినపుడు కణజాలమునకు దిక్కులేదు. కుట్టు విషయమున ఇంకొక చిక్కు కలదు. ప్రసవమైన వెంటనే సుమారు ఒక కిలో బరువుండు గర్భాశయము వారములో సగమగును, ఆరు వారములకు 100 గ్రాముల లోపునకు వచ్చును. గర్భాశయము కుంచించుకొనును గాని దారము కుంచించుకొనదు. వదులైన ఆ ఉచ్చులో ప్రేగు చిక్కుకొనవచ్చును. శరీరములో త్వరగా కరగిపోవు దారమునే వాడవలెననుటకు ఇది ఒక కారణము.

ఇంతవరకు ఈ నివేదికలు ఉపకారము చేసినవే. ఒక్క ఉదంతమైనను, ఏమి జరుగగలదో చూపుటకు చాలును. దారము, రేణువు, బిగింపు ఎట్లుండవలెనో తెలిసినది ఇట్టి వ్యాసములవలననే. వాని నుండి అవి ఇవ్వలేని దానిని, అనగా అది ఎంత తరచుగా జరుగునో, రాబట్టజూచుట పొరపాటు. భిన్నమునకు లవము, హారము రెండును కావలెను. ఉదంత నివేదికలో లవము ఒకటి. హారము శూన్యము కాదు గాని ఎంతయో ఎవరికిని తెలియదు. ఆ ఆసుపత్రిలో అంతవరకు పదిమందికి కుట్టు వేసిరో, మూడువందలమందికి వేసిరో వ్యాసములో సాధారణముగా ఉండదు.

లవము కూడ నమ్మదగినది కాదు. మొదటి ఉదంతము క్రొత్తది గనుక పత్రిక సంతోషముతో అచ్చువేయును. అయిదవదానికి ఆదరము తగ్గును. పదియవదానిని వ్రాయువాడు ఉండడు, వ్రాసినను వేయువారుండరు. కాబట్టి అచ్చయిన ఉదంతములు పదే అయినచో, జరిగినవి పది అనుకొనరాదు. మరియొక ప్రక్క, తన చేతిలో జరిగిన కీడును లోకమునకు చాటుటకు ఎల్లవైద్యులకు ధైర్యముండదు. పెళ్ళిళ్ళ పేరయ్య తాను కుదిర్చిన మంచి సంబంధములనే చెప్పునుగాని చెడినవానిని చెప్పడు. ట్యుటోరియల్ కాలేజీవారు గోడలపై అంటించు ఫలితముల పట్టికలో తప్పినవారి పేర్లు ఉండవు.

ఈ రెండు రకముల లెక్కలకు భేదమెంత ఉండునో చూపు ఉదాహరణము ఈ రంగములోనే ఉన్నది. 2007లో ముగ్గురు పరిశోధకులు అంతవరకు అచ్చయిన చిన్న చిన్న నివేదికలను కూడి లెక్కవేయగా విజయము కుట్టునకు 91.7 శాతము, ధమనిలో అడ్డునకు 90.7, ధమనుల ముడికి 84.6, బుడగకు 84 శాతము వచ్చినది. వీనిలో ఒకటి మరియొకదానికన్న మెరుగని చెప్పుటకు ఆధారము లేదని వారే హెచ్చరించిరి. అంకెలను ఉదహరించువారు ఆ హెచ్చరికను తరచు వదలివేయుదురు. 2011లో బ్రిటనులో వేరొక పని జరిగినది. ఆ దేశమంతట ఒక నిర్ణీతకాలములో కుట్టు వేయబడిన స్త్రీలనందరిని, ఎవరి చేతిలోనైనను సరే, లెక్కలోనికి తెచ్చిరి. 211 మంది తేలిరి. కుట్టు ఫలింపక గర్భసంచి తీసివేయవలసి వచ్చినది నూటికి 25 మందికి! అచ్చయిన నివేదికల మొత్తములో విఫలము 8 శాతము. అందరిని లెక్కించినపుడు దానికి మూడురెట్లు. కుట్టు ఒక్కటే, మారినది లెక్కించు విధము. బ్రిటను స్త్రీలలో ఎక్కువ విషమస్థితిలోనివారు ఉండవచ్చునను ఆక్షేపణ సబబైనదే. అయినను నిజజీవితములో కుట్టు అవసరమగునది అట్టివారికే కదా.

ఈ అధ్యయనమే మరియొక సంగతి చెప్పినది. ప్రసవమైన రెండు మొదలు ఆరు గంటల వరకు ఆలసించి కుట్టు వేసినచో గర్భసంచి పోవు అవకాశము సుమారు నాలుగురెట్లు హెచ్చినది. ఏ కుట్టు వేయవలెనను వాదమునకు పత్రికలలో ఎన్నో పుటలు వ్యయమైనవి. కుట్టుల రకముల మధ్య చెప్పుకోదగిన భేదము మాత్రము ఈ లెక్కలో కనబడలేదు. గడియారము చెప్పినది దారము చెప్పలేదు.

పద్ధతిని సమర్థించువారు కీడు జరిగినపుడు ఇచ్చు సమాధానము ఒకటి కలదు: కుట్టు వేసిన తీరు సరిగా లేదు, దారము తగినది కాదు, బిగింపు హెచ్చినది అని. ఒక్కొక్క ఉదంతములో ఇది నిజము కావచ్చును. కాని విజయము కలిగినపుడు పద్ధతి గొప్పతనమనియు, కీడు కలిగినపుడు చేతి లోపమనియు చెప్పు వాదము ఎన్నటికిని ఓడిపోదు. ఓడిపోలేని వాదము విజ్ఞానశాస్త్రమునకు పనికిరాదు. నడిరాత్రి, రక్తము కారుచుండగా, అంతకుముందు రెండుమూడుసార్లు మాత్రమే చూచిన కుట్టును వేయు వైద్యుని చేయి కూడ ఆ పద్ధతిలో భాగమే.

అరుదు అనుదానికి మరియొక అర్థముకూడ ఉన్నది: వెదకలేదు గనుక కనబడలేదు అని. గర్భాశయపు లోపలి గోడలు ఒకదానికొకటి అతుకుకొనిపోవుట అట్టిది. బయటికి ఏమియు తెలియదు. ముట్టు తగ్గును, లేదా మరల గర్భము నిలువదు. 2011లో ఫ్రాన్సులో 33 మందికి కుట్టు వేసిన వైద్యులు వారిలో 15 మందిని మరల పిలిపించి లోపల పరీక్షించిరి. సుమారు నాల్గవ వంతు మందికి అతుకులు కనబడినవి! పదునైదు మంది చిన్న సంఖ్యయే. చింతగింజల లెక్క ఇక్కడను వర్తించును. రాని పద్దెనిమిదిమంది సంగతియు తెలియదు. అయినను అచ్చయిన ఉదంతముల సంఖ్యను చూచి దీనిని అరుదని చెప్పియున్నవారు మరల ఆలోచింపవలసినదే.

కారణమును నిర్ణయించుటలోను తొందరపాటు కనబడును. హారల్డ్ షీహన్ అను బ్రిటిష్ వైద్యుడు 1937లో వర్ణించిన ఒక స్థితి కలదు. ప్రసవమున రక్తము విపరీతముగా పోయి పీడనము పడిపోయినపుడు మెదడు క్రిందనున్న పీయూషగ్రంథికి రక్తము చాలక అది మృతిచెందును. తల్లికి పాలు పడవు, ముట్టు నిలిచిపోవును. ఇప్పుడు కుట్టు వేయించుకొనిన స్త్రీకి ముట్టు నిలిచినదనుకొందము. అది కుట్టు వలన కలిగిన అతుకులవలననా, రక్తస్రావము వలన చెడిన గ్రంథివలననా? మొదటిది చికిత్స చేసిన కీడు. రెండవది ఆ చికిత్స ఆపజూచిన రోగము చేసిన కీడు. గర్భాశయము మృతిచెందిన ఉదంతములలోను అంతే. ఆ స్త్రీలు పెద్దయెత్తున రక్తము కోల్పోయినవారు. కొందరికి సూక్ష్మజీవుల సోకుడును ఉన్నది. ఒకే రోగికి మందులు, బుడగ, కుట్టు, ముడి అన్నియు వరుసగా జరిగినపుడు, ఆఖరున చేసినదానిపై నేరము మోపుట న్యాయము కాదు.

బుడగ చరిత్ర ఈ విమర్శకు మరియొక ముఖము. ఢాకాలో సయీబా అఖ్తర్ అను వైద్యురాలు ఖరీదైన విదేశపు బుడగలు దొరకని చోట కండోమును రబ్బరుగొట్టమునకు కట్టి సెలైనుతో నింపి వాడెను. 2003లో ప్రకటించిన వ్యాసములో 23 మందికి వాడగా 23 మందికిని పావుగంటలోపల రక్తము ఆగినది. పేద దేశపు వైద్యురాలి తెలివికి ఇది గొప్ప నిదర్శనము, దానిని తక్కువచేయరాదు. కాని 23లో 23 వచ్చినను, నూటికి 12 విఫలములగు అవకాశమును పూర్తిగా త్రోసిపుచ్చలేమని పై లెక్క చెప్పుచున్నది. 0.88ను ఇరువదిమూడుసార్లు వేసి గుణించి విద్యార్థులు సరిచూచుకొనవచ్చును.

ఆఫ్రికాలో బెనిన్, మాలి దేశములలో జరిగిన పరీక్ష ఫలితములు 2017లో వెలువడినవి. 116 మంది స్త్రీలను, ఎవరు ఏ వర్గమో వైద్యుడు ఎన్నుకొనక, చీటీ వేసినట్లు రెండు వర్గములుగా విభజించిరి. ఇరువర్గములకును మిసోప్రోస్టాల్ అను మందు ఇచ్చి, ఒక వర్గమునకు మాత్రము అదనముగా కండోము బుడగ ఉంచిరి. పెద్ద శస్త్రచికిత్స అవసరమైనవారు లేదా మరణించినవారు బుడగ వర్గములో 57లో 9 మంది. మందు మాత్రమే ఇచ్చిన వర్గములో 59లో 4గురు. 2019లో ఉగాండా, ఈజిప్టు, సెనెగల్ దేశములలోని 18 ఆసుపత్రులలో సుమారు 60 వేల ప్రసవములను లెక్కించిన అధ్యయనములో, రక్తస్రావమునకై శస్త్రచికిత్స లేదా మరణము పదివేల ప్రసవములకు బుడగకు ముందు 6.7గాను, బుడగ ప్రవేశపెట్టిన తరువాత 11.6గాను ఉన్నది. ఇందువలన బుడగ ప్రాణము తీయునని చాటుటకు వీలులేదు. తొమ్మిది, నాలుగు అను సంఖ్యల భేదము యాదృచ్ఛికముగానే రావచ్చును. ఢాకా అంకెలను ఏ త్రాసులో తూచితిమో బెనిన్ అంకెలను ఆ త్రాసులోనే తూచవలెను. ఈ అధ్యయనములు లేవదీసిన ప్రశ్న వేరు: బుడగను వెదకి, కట్టి, నింపి, ఫలితమునకై కాచుకొనియున్న సమయములో రక్తము ఎక్కించుటయో, శస్త్రచికిత్సయో ఆలస్యమగుచున్నదా? ఉపకరణము లోపల చేయు గాయమును ఉదంత నివేదిక వ్రాయగలదు. ఉపకరణమునకై పోయిన అరగంటను ఏ ఉదంత నివేదికయు వ్రాయదు. శస్త్రచికిత్సకును, రక్తము ఎక్కించుటకును వెంటనే వీలున్న చోట్లనే బుడగ వాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించుటకు ఇట్టి సందేహములే నేపథ్యము.

అట్లని ఈ పద్ధతులను మానుకొనవలెనని వాదించుట మూర్ఖత్వము. బ్రిటను లెక్కలోనే నూటికి 75 మందికి కుట్టు గర్భాశయమును నిలిపినది. మృతిచెందిన కణజాలమును గూర్చి వ్యాసములు చదివి భయపడి చేయి వెనుకకు తీసిన వైద్యుడు, ఆ వ్యాసములలోని అపాయముకన్న పెద్ద అపాయమునకు తల్లిని అప్పగించినవాడగును. కావలసినది హారము.

హారమును సంపాదించుట అసాధ్యము కాదని బ్రిటను అనుభవము చూపినది. అక్కడ 2005లో అరుదైన ప్రసవోపద్రవములను లెక్కించుటకు ఒక జాతీయ ఏర్పాటు మొదలైనది. 2011 నాటి కుట్టు లెక్క దానినుండి వచ్చినదే. ప్రసవములు జరుగు ప్రతి ఆసుపత్రికిని నెలనెలా ఒక కార్డు పంపుదురు. ఉపద్రవము కలిగినచో ఆ కార్డుపై గుర్తించవలెను. ఏమియు జరుగనిచో ‘ఏమియు లేదు’ అని గుర్తించి ఆ కార్డునే తిరిగి పంపవలెను. వైద్యపత్రికకు ఏమియు జరుగని నెల వార్త కాదు. ఈ లెక్కలో ఆ కార్డునకును, ఉపద్రవము వ్రాసిన కార్డునకును విలువ ఒక్కటే. అయితే ఇట్టి లెక్క ప్రధానముగా ఆసుపత్రిలో జరిగినదానిని పట్టుకొనును. కుట్టుతో ఇంటికి పోయిన తల్లికి ఏడాది తరువాత ముట్టు ఎట్లున్నది, మూడేండ్ల తరువాత గర్భము నిలిచినదా, నిలిచినచో ఆ పాత కుట్టుచోట గోడ తట్టుకొన్నదా అని అడుగు కార్డు వేరుగా వ్రాయవలసియున్నది.